దుబాయిలో దీపాలు, కోరుట్లలో నోము

దుబాయిలో దీపావళి ఎంత ఘనంగా జరుగుతుందో మా మేనేజరు నోట వినాలి. మన దేశపువాడే. పండగకు ముందే మాల్ వాళ్లతో, పెద్ద బంగళాల వాళ్లతో లైట్ల కాంట్రాక్టులు కుదుర్చుకునేవాడు. నిచ్చెనలెక్కి ఆ లైట్లు కట్టేది మేము. అందుకే దీపావళికి చుట్టీ, అంటే సెలవు, అడిగినవాడు అతని కంటికి నరకాసురుడిలా కనబడేవాడు.

నేను అడిగాను. పెళ్లయ్యాక మొదటి దీపావళి. మాది కోరుట్ల, నా పెళ్లాంది సిరిసిల్ల. మా ఇంట్లో కొత్త కోడలు ఆ ఏడే అత్త చేతి నుంచి దీపావళి నోము అందుకోవాలి. మొగుడూ పెళ్లాం పక్కపక్క పీటల మీద కూర్చోవాలి, నోమయ్యాక పెళ్లాం మొగుడికి హారతివ్వాలి. ఇదంతా చెబితే మేనేజరు ఎంతో మురిసిపోయాడు. "మన సంస్కృతి ఎంత గొప్పదో చూశావా! దాన్ని ఇక్కడివాళ్లకు చూపించే బాధ్యత మనదే," అని నా చుట్టీ కాగితం పక్కన పడేశాడు. దీపాల పండగ ఉంది కాబట్టి దీపాల పండగకు ఇంటికి పోకూడదన్నమాట. ఇంత తెలివి ఉంటేనే మేనేజర్లవుతారు కాబోలు.

కంపెనీ మమ్మల్ని మరీ గాలికి వదిలేయలేదు. క్యాంపు గదుల్లో నిప్పు వెలిగించకూడదు కనుక తలా ఒక ప్లాస్టిక్ ప్రమిద ఇచ్చింది. బటన్ నొక్కితే వెలుగుతుంది. బ్యాటరీ మాత్రం మేమే కొనుక్కోవాలట.

రావడం కుదరదని ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఏడుస్తుందనుకుంటే ఉపాయం చెప్పింది. "ఫికర్ జెయ్యకు కొడుకా. వీడియో కాల్ పెడ్తం. అయ్యగారిని అడిగిన, నడుస్తదన్నడు." నడవదంటే ఆ పురోహితుడి సంభావన పోదూ! నా పెళ్లాం మాత్రం ఏమీ అనలేదు. ఒప్పుకుందనుకున్నాను. నా తెలివీ తక్కువదేం కాదు.

పండగనాడు సాయంత్రం మాల్ ముందు, మనుషుల్ని పైకెత్తే క్రేన్ తొట్టిలో, నడుముకు బెల్టుతో, నెత్తిన హెల్మెట్‌తో ఉండగా ఫోన్ మోగింది. కోరుట్లలో నన్ను పీట మీద ఇత్తడి చెంబుకు ఆనించి నిలబెట్టారు. పక్క పీట మీద పట్టుచీరలో ఆమె.

"గా టోపీ తియ్యుమను," అన్నారు అయ్యగారు. తీస్తే కింద సేఫ్టీవాడు ఈల ఊదాడు. మళ్లీ పెట్టుకుని దండం పెట్టాను. గోత్రం అడిగితే అంత ఎత్తు నుంచి అరిచి చెప్పాను. షాపింగ్‌కు వచ్చినవాళ్లు తలెత్తి వీడియోలు తీసుకున్నారు. మేనేజరు కోరిక తీరింది.

"మొగాయన చెయ్యేది? దారం కట్టాలె గద," అన్నారు అయ్యగారు. ఆయన ఇంకా చాలా ఇళ్లు తిరగాలి. కాసేపు అటూ ఇటూ చూసి, నా వంతు నోముదారం ఫోనుకే చుట్టి ముడేశారు. అది సరిగ్గా కెమెరాకు అడ్డం పడింది. నాకంతా పసుపే. ఇల్లంతా గొల్లుమంది. తొట్టిలో నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను.

అయ్యగారు పక్కింటికి వెళ్లిపోయాక ఆమె గొంతు వినబడింది.

"ఎందుకు నవ్వుతున్నవ్?"

"అయ్యగారు ఫోనుకు గట్టిండు గదనే!"

"కట్టకేం జేస్తడు? నా పక్కకు కూసున్నది గదేనాయె. నువ్వు సుట్టం లెక్క సూసినవ్ గంతే."

నవ్వు ఆగిపోయింది. సిగ్గేసింది. వచ్చే ఏడు తప్పకుండా వస్తానని ఏదో మొదలుపెట్టాను.

"ఇగ పెట్టెయ్యి," అంది. "నేను దీనికి హారతియ్యాలె."