లక్క సీలు వేసిన వల

లోవమ్మ అల్లిన వలని మిలట్రీవాళ్ళు పనికిరాదని తిప్పి పంపారని పేటంతా అనుకుంటున్నారు. అది అబద్ధం. ఆవిడ వల తిరిగి రానేలేదు. సైన్యానికి సరుకు కొనే ఆఫీసులో, లక్క సీలుతో, ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

నర్సాపురం అవతల ఏటిగట్టు కింద ఉన్న చేపలపేటలో లోవమ్మది నలభై ఏళ్ళ పని. కొత్త వల అల్లాలన్నా, చిరిగినది బాగుచేయాలన్నా ఆవిడ అరుగు దగ్గరికే రావాలి. వేళ్ళతో తడిమి ఏ ముడి ఎవరు వేశారో చెప్పేది. అక్క కొడుకు గణేష్‌బాబుకి ఆ పని నేర్పిందీ ఆవిడే. "నైలానుకి రెండు చుట్లురా. ఒక్క చుట్టయితే జారిపోద్ది" అని వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది.

ఆ గణేష్‌బాబు భీమవరంలో షెడ్డు పెట్టి, కిందటేడు మిలట్రీ టెండరు పట్టాడు. ఫిరంగులూ బళ్ళూ పైనుంచి శత్రువుకి కనబడకుండా కప్పే వలలు. సగం మన సైన్యానికి, సగం మనతో చెలిమిగా ఉండే ఇంకో దేశానికి.

"ముందు నమూనా పంపాలి పిన్నీ. నీ చెయ్యి పడితే తిరుగుండదు. పాసయిందంటే పేటలో ఆడవాళ్ళందరికీ రెండేళ్ళు పని" అన్నాడు.

లోవమ్మ పద్దెనిమిది రోజులు కూర్చుని అల్లింది. అధికారులు లాగి చూశారు, నీళ్ళలో నానబెట్టి చూశారు. లక్కతో సీలు వేసి, పంపే ప్రతి వలా దీనిలాగే ఉండాలన్నారు. పేట ఆడవాళ్ళు పని కోసం ఎదురుచూశారు. గణేష్‌బాబు ఫోను ఎత్తడం మానేశాడు.

ఆర్నెల్లకి సరుకంతా లారీల్లో తిరిగొచ్చింది. "అంతా మా పిన్ని నమూనా ప్రకారమే చేయించానండీ. ఆ ముళ్ళే ఊడిపోయాయి. ఆవిడకి వయసైపోయింది" అని అడిగిన వాళ్ళకల్లా చెప్పాడు.

ఆ వారమే అబ్బులు వచ్చి, బాగుచేయమని ఇచ్చిన తన వల భుజాన వేసుకున్నాడు. "మిలట్రీ వద్దన్న ముడి నాకెందుకత్తా? మన చేపలకీ కాస్త తెలివుంది." అక్కడున్నవాళ్ళు నవ్వారు. మళ్ళీ ఆ అరుగు మీదికి ఎవరూ వల తేలేదు.

లోవమ్మ బస్సెక్కి భీమవరం వెళ్ళింది. షెడ్డు బయట పడున్న కట్టల్లో చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. రొయ్యల చెరువుల మీద పిట్టలు వాలకుండా కట్టే మిషను వల అది. దానికి ఆకుపచ్చ గుడ్డపేలికలు కట్టారు. ముక్కకీ ముక్కకీ కలిపిన చోట ముడికి ఒక్కటే చుట్టు. పట్టుకుంటేనే జారిపోయింది. ఆ కట్ట అక్కడే వదిలేసి తిరుగు బస్సెక్కింది.

పక్కింటి మాణిక్యాంబకి అసలు సంగతి గణేష్‌బాబు షెడ్డు లారీ డ్రైవరు విజయ్ పాల్ చెప్పాడు. సరుకుతో వచ్చిన కాగితంలో, సీలు వేసిన నమూనాతో సరిపోలేదని రాసుందట. అంటే ఆ నాసిరకాన్ని పట్టిచ్చింది లోవమ్మ వలే. ఇంక ఆగలేక, మాణిక్యాంబ కాఫీ గ్లాసుతో వచ్చి ఆవిడ పక్కన చతికిలబడింది.

"ఏంటొదినా ఇది? ఊరంతా నిన్ను అంటుంటే నోరు విప్పవేంటి?"

లోవమ్మ ఒళ్ళో ఉన్న చేతులకేసి చూసుకుంది.

"తెలియక చేసుంటే నాలుగు తిట్టేదాన్ని వదినా. రెండు చుట్లని వాడికి చెప్పింది నేనే. ఆ వల ఊడితే దానికింద ఉన్నోళ్ళు చస్తారని తెలిసే పంపాడు. నాకు చేతకాలేదనే అనుకోనీ. కొడుకు ఇలాంటోడని మా అక్కకి నేనెలా చెప్పను?"