డోర్నకల్ స్టేషన్ లేని సినిమా

ఒక సినిమా నిజంగానే బాగాలేదా, లేక నాకే కడుపు మండి బాగాలేదనిపించిందా... ఈ తేడా ఎట్లా తెలుస్తుంది? ఎన్నో ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

మా చిన్నప్పుడు... ఎనభైల్లో... వరంగల్ కొత్తవాడలోని మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం రాట్నం తిరిగేది కాదు. మిగతా రోజులన్నీ దారం కండెలు చుట్టే చప్పుడే. ఆదివారానికి మాత్రం మా ఆడవాళ్లు చప్పుడు లేని పని దాచిపెట్టుకునేవాళ్లు... మగ్గం మీంచి దిగిన జంపఖానాల అంచులకు కుచ్చులు ముడివేయడం. ఎందుకంటే ఆ పూట నేను సీరియల్ చదవాలి.

పక్క వాడలో ఉండే టీచరమ్మ తాను చదివేశాక వారపత్రిక మాకు ఇచ్చేది. నేనప్పుడు ఆరో తరగతి. నాకంటే బాగా చదివేవాళ్లు వాడలో లేక కాదు... గొంతు మార్చి చదివేది నేనొక్కదాన్నే. వినేవాళ్లు మా అమ్మ, ఎదురింటి నర్సవ్వ, మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. బడి ముఖం చూడలేదు. పెళ్లయిన కొత్తలోనే చిన్నాయన మరమగ్గాల పనికని బొంబాయి దగ్గరి భివండి పోయాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవట... తర్వాత ఆగిపోయాయి. ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఆమె కూడా ఎత్తేది కాదు.

అప్పుడు వస్తున్న సీరియల్ నవలలో అమ్మాయిని మావాళ్లు పేరు పెట్టి పిలవలేదెప్పుడూ. 'మన పిల్ల' అనేవాళ్లు. వారం మధ్యలో అన్నం కలుపుకుంటూ కూడా, మన పిల్ల ఇప్పుడు ఏం జేస్తాందో అని ఆరా. మన పిల్లను వదిలి ఆమె ప్రేమించినవాడు రైలెక్కి పోతాడు. ఆ స్టేషన్ పేరు కథలో లేదు. అది డోర్నకల్ అని నర్సవ్వ తీర్మానించింది... ఆమె జన్మలో రైలు మారిన స్టేషన్ అదొక్కటే మరి. ఎవరూ కాదనలేదు. తర్వాతి వారం నుంచి నేను కూడా డోర్నకల్ అనే చదివాను.

అతను తిరిగి రాడు. మన పిల్ల ఎదురుచూడడం మానేసి, ఒక పొద్దున స్టేషన్ దారి విడిచి వేరే దారిలో ఉద్యోగానికి పోతుంది. అంతే కథ. ఆ చివరి పేజీ నేను ఎంత వణికే గొంతుతో చదివానో నాకు తెలుసు. అమ్మ ముక్కు తుడుచుకుంది. నేను చూసింది మాత్రం చిన్నమ్మ ముఖంలోకే... అక్కడ ఏమీ లేదు. చేతిలోని ముడి బిగించి, "అయిపాయెనా?" అంది.

మరుసటి ఏడు ఆ నవల సినిమాగా వచ్చింది. అందరం మ్యాట్నీకి నడిచిపోయాం. నేనే రాసినంత గర్వం నాకు... తర్వాత ఏమొస్తుందో ముందే చెబుతుంటే వెనక వరుసవాళ్లు కసిరారు.

స్టేషన్ సీను కోసం కళ్లు పెద్దవి చేసుకుని కూర్చున్నాను. రైలు లేదు, ప్లాట్‌ఫారం లేదు... సముద్రం! సముద్రం ఒడ్డున పాట! సరేలే అనుకున్నాను. కానీ చివరికి అతను తిరిగొచ్చేశాడు. పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు. చూశావా ఎంత అన్యాయమో అని చెప్పడానికి చిన్నమ్మ వైపు తిరిగాను...

చిన్నమ్మ ఏడుస్తోంది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలేలా.

ఇంటికొచ్చే దారంతా నేను గొడవే. కథలో అట్లా లేదని, డోర్నకల్ ఏదని... నర్సవ్వ నవ్వింది. "ఏందే, సిన్మా తీసేటోడు నిన్ను అడుగలేదనా నీ కోపం?"

చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత మెల్లగా, "కథల రాకపాయె. సిన్మాలనన్న అచ్చిండు గదా బిడ్డా... జర అచ్చినట్టు సూసిన" అంది.

నాకప్పుడు ఆ మాట అర్థం కాలేదు. అర్థమైందల్లా ఒకటే... ఇన్ని ఆదివారాలు నేను చదివితే రాని కన్నీళ్లు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒక్క మ్యాట్నీలో తెప్పించారు. ఒళ్లంతా మంట.

తర్వాత టీచరమ్మ కొత్త సీరియల్ ఇచ్చింది. రెండు పేజీలు చదివానో లేదో, చిన్నమ్మ తనలో తాను అనుకున్నట్టుగా, "ఇప్పుడు పిల్ల మొఖం మంచిగ కండ్లకు అవుపడుతాంది. ఆ సిన్మా పిల్ల లెక్కనే" అంది.

ఉండబట్టలేక అడిగాను, మరి ఇంతకుముందు ఎవరి ముఖం కనబడేదని.

"ఎవల్దేందే? నీ మొఖమే. సదివేటిది నువ్వే గదా."

తల దించుకుని మిగతా పేజీలు చదివేశాను... గొంతు మార్చకుండా.

చిన్నాయన చివరిదాకా రానేలేదు. చిన్నమ్మ కూడా ఇప్పుడు లేదు. ఈ మధ్య ఆ సినిమా ఫోన్‌లో దొరికితే, ఈసారైనా సంగతి తేల్చుకుందామని ఒక్కదాన్నే కూర్చుని చూశాను. పాటలు ఫరవాలేదు. సముద్రం కూడా బాగానే ఉంది. చివరి సీను మాత్రం చూడలేక ఆపేశాను.

ఇప్పుడు ఇంట్లో ఎవరి చెవిలో వాళ్ల కథ, ఎవరి చేతిలో వాళ్ల తెర... ఒకరు చదువుతుంటే నలుగురు ఒకే పిల్ల గురించి ఫికర్ పడిన మధ్యాహ్నాలు ఎక్కడా కనబడవు. మీ ఇళ్లల్లో పైకి చదివి వినిపించినవాళ్లు ఎవరు? మీరు చదివిన కథ తెర మీదికొచ్చినప్పుడు మీకేమనిపించింది?

నా మటుకు నాకు... ఆ రోజు కోపమొచ్చింది కథను పాడుచేశారనా, నేను ఏడిపించలేని మనిషిని వాళ్లు ఏడిపించారనా... ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.