కుందుర్పి దగ్గర చలికి లేవని జీపు

కుందుర్పికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరి నుంచి రోజూ ఉదయం ఐదున్నరకు ఒక జీపు కళ్యాణదుర్గానికి బయలుదేరుతుంది. మొదటి బస్సు తొమ్మిది దాటాకే వస్తుంది కాబట్టి కాలేజీ పిల్లలకు ఆ జీపే ఆధారం. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. నా పాలిటెక్నిక్ మూడేళ్లూ దాని వెనక సీటులోనే గడిచాయి. పోయిన శుక్రవారం నాయన ఫోన్ చేసి, "ఓబులేశు జీపు అమ్మేస్తాండాడు. చలికి లేస్తాండ్లేదు. పిల్లోల్లు తోసి తోసి కళ్యాణదుర్గంలో ఏడు గంటల బస్సు పోగొట్టుకుంటాండారు. కొనేటోడు ఆదివారం తొమ్మిదికి వస్తాడంట" అన్నాడు. నేను అనంతపురంలో ఒక వర్క్‌షాపులో బండ్ల కరెంటు పని చేస్తాను. శనివారం సెలవు పెట్టి టెస్ట్ బల్బు, స్పానర్లు సంచిలో వేసుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి అనంతపురం బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు లేదు. కళ్యాణదుర్గానికి గంటన్నర పైన, అక్కడి నుంచి కుందుర్పికి మరో గంట పట్టింది. శనక్కాయ పీకేసిన చేలు దారంతా ఎర్రగా కనిపిస్తాయి, మధ్యమధ్య బండరాళ్ల గుట్టలు. కుందుర్పి నుంచి ఆటోకు ముప్పై రూపాయలు ఇచ్చి, పొద్దు మునిగే వేళకు ఇల్లు చేరాను.

మా వైపు డ్రైవర్లకు ఒక అలవాటు ఉంది. రాత్రి బండిని మిట్ట మీద నిలుపుతారు. తెల్లారి గేరులో వేసి వదిలితే దొర్లుతూ లేస్తుంది. పోయిన నెల సిమెంటు రోడ్డు వేసేటప్పుడు ఓబులేశన్న ఇంటి ముందరి మిట్టను చదును చేశారు. తోపుడు మొదలైంది అప్పటి నుంచే.

ఆదివారం ఐదు గంటలకు శాలువా కప్పుకుని వాళ్లింటికి వెళ్లాను. ఓబులేశన్న తాళం తిప్పాడు. డాష్‌బోర్డు మీద తీగచుట్ట గుర్తున్న హీటర్ దీపం వెలిగి ఆరింది. ఇంజను ఎంత తిరిగినా పట్టుకోలేదు, వెనక తెల్లపొగ మాత్రం వచ్చింది.

"సూస్తివా పాపా? హీటర్ లైటు వెలుగుతాండాది. ప్లగ్గులు పోయిన నెలే కొత్తవి ఏసినా. బండ్ల మేస్త్రీ ఇంజనే ఇప్పల్ల అంటాండాడు. ఇంక నాతో కాదు" అన్నాడు.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. చలిలో హీటర్ ప్లగ్గులే లోపలి గాలిని వేడి చేయాలి. ఆ దీపం వాటికి కరెంటు వదిలే టైమర్ పని చేసిందని మాత్రమే చెబుతుంది. కరెంటు ప్లగ్గు దాకా చేరిందో లేదో దానికి తెలియదు. బానెట్ ఎత్తి టెస్ట్ బల్బు తీగకున్న క్లిప్పును ఇంజను ఇనుముకు తగిలించాను. తాళం తిప్పమని చెప్పి, బల్బు రెండో కొసనున్న సూదిని మొదటి ప్లగ్గు తలకు ఆనించాను. బల్బు బాగా వెలిగింది. రెండోదానికి వెలగలేదు. మూడు, నాలుగు కూడా అంతే.

"మూడూ కాలిపోయినాయా?" అంది ఓబులేశన్న భార్య నాగమ్మక్క, కాఫీ గ్లాసు అందిస్తూ.

"కాలిపోయినా కరెంటు తల దాకా రావల్ల కదక్కా. రాలేదంటే దారిలోనే ఆగింది" అన్నాను.

నాలుగు ప్లగ్గుల తలలను కలుపుతూ ఒక సన్నని రేకు ఉంటుంది. తీగ మొదటి ప్లగ్గుకు వస్తుంది, మిగతా మూడింటికీ ఆ రేకే దారి. దాన్ని విప్పి, క్లిప్పును బ్యాటరీ ప్లస్సుకు మార్చి, ప్లగ్గులను ఒక్కొక్కటే చూశాను. నాలుగింటికీ బల్బు వెలిగింది. ప్లగ్గులు మంచివే. అప్పుడు చేతిలోని రేకు వైపు చూశాను. అన్ని వైపులా వెండిలా మెరుస్తోంది.

"దీనికి రంగు ఎవరేసినారన్నా?"

ఓబులేశన్న వచ్చి రేకును చేతిలోకి తీసుకున్నాడు. "నేనే. ఆయుధ పూజకు ఇంజనంతా కడిగి, సామాన్లు ఇప్పి, రెండు పూతలు ఏసినా. కళగా ఉంటాదని."

"నేను కాళ్లకు వెండి గొలుసులు అడిగితే లేవన్యాడు. జీపుకు మాత్రం వెండి పూసినాడు సూడు!" అంది నాగమ్మక్క.

"అది మోస్తాది, నువ్వు తిడతావు" అన్నాడాయన.

రంగు పొర కరెంటును ఆపేసింది. పూజ నాటికి చలి లేదు. చలి మొదలయ్యాక మిట్ట ఆదుకుంది. గరుకు కాగితంతో రేకును ఇత్తడి కనిపించేదాకా రుద్ది బిగించాను. ఈసారి నాలుగు చోట్లా బల్బు వెలిగింది. చుట్ట దీపం ఆరేదాకా ఆగి తాళం తిప్పితే రెండో చుట్టుకే ఇంజను అందుకుంది. ఓబులేశన్న మాత్రం నమ్మలేదు. "ఒగసారి లేస్తే సరిపోదు పాపా. రేపు పిల్లోల్లతో పోవల్ల" అన్నాడు. జీపు కొనడానికి తొమ్మిదికి వచ్చిన మనిషికి బొరుగుల ఉగ్గాణి పెట్టి, "రేపు చెప్తానప్పా" అని పంపించాడు. మిగిలిన పొద్దంతా నేను కుందుర్పి దుర్గం ఎక్కి దిగాను. పైన నీళ్లు దొరకవు, రెండు సీసాలు తీసుకెళ్లండి.

సోమవారం అదే జీపులో తిరుగు ప్రయాణం, కళ్యాణదుర్గానికి నలభై రూపాయలు. బానెట్ మీద మంచు పట్టి ఉంది. ముగ్గురు అమ్మాయిలు వచ్చి సంచులు లోపల పడేసి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి పోయి చేతులు ఆనించి నిలబడ్డారు. ఓబులేశన్న తాళం తిప్పాడు. జీపు లేచింది. వాళ్లు చేతులు అలాగే చాపుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తోసేది ఏమీ లేదు, ఎక్కండమ్మా!" అని ఆయన అరిచాడు. ఊరు దాటకముందే ఫోన్ తీసి, "అమ్మేకి లేదప్పా" అని చెప్పేశాడు.

ఏడు గంటల అనంతపురం బస్సు మాకు అందింది. కిటికీ పక్కన కూర్చుని ఆ మిట్ట గురించే ఆలోచించాను. రోజూ సాయం చేస్తూనే అది రెండు నెలల పాటు లోపాన్ని దాచిపెట్టింది. మీకు డీజిల్ బండి ఉంటే చలికాలంలో వారానికి ఒక్క రాత్రయినా చదునైన చోట నిలపండి. లోపం ఏదైనా ఉంటే తెల్లారేసరికి బయటపడుతుంది.