కాజు డబ్బాలో క్యాసెట్టు

మొన్న ఆదివారం మా అమ్మాయి వంటింటి అటక మీద నుంచి పాత రేకు డబ్బా ఒకటి దించింది. బడి వార్షికోత్సవంలో తను పాడబోయే పాటను ముందుగా రికార్డు చేసుకుని వినాలట, దానికి ఖాళీ క్యాసెట్టు కావాలట. ఇల్లంతా వెతికి, చివరికి ఒకప్పుడు మేం కాజు పోసిపెట్టుకున్న ఆ డబ్బాలో, గుడ్డలో చుట్టి ఉన్న క్యాసెట్టును పట్టుకుని పందెం గెలిచినదానిలా వచ్చింది. "అమ్మా, దీని మీద పేరేం రాసి లేదు. ఖాళీదేనా?" అంది. "దాని చెవులు విరిచి ఉన్నయి, రికార్డు కాదు. ఉన్నకాడ పెట్టు" అన్నాను. క్యాసెట్టు వెన్ను మీద రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. అవి విరిచేస్తే ఇక దాని మీద కొత్తగా ఏదీ ఎక్కదు. కానీ ఇప్పటి పిల్లలకు అన్నీ తెలుసు. "గా సందుల కాగితం అతికిస్తే అయితదమ్మా" అంటూ అతికించడానికి అన్నం మెతుకుల కోసం వెళ్లింది. నేను ఆ ముక్కలు విరిచిన రోజు తనకు మూడేళ్లు. నా పక్కనే కూర్చుని, విరిగిన ముక్కల్ని నోట్లో పెట్టుకోబోతే లాక్కున్నాను.

మా ఆయన అంతకు రెండేళ్ల ముందు దుబాయి వెళ్లారు. దానికి ముందు ఇక్కడే, ఆర్మూర్‌లో, రైతుల పసుపు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా ఉండేవారు. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా కాలరు, చెవుల అంచులు, కనుబొమలు అన్నీ పచ్చగా ఉండేవి. నీళ్లు పోసుకున్నా ఆ రంగు దిండు గలేబుకు అంటేది. ఆ జీతంతో గడవక వీసా కొన్నారు. వీసా డబ్బు ఇచ్చింది ఆయన అక్క భర్త. నాకు అన్న వరస. బజారులో వాళ్లది పెద్ద కిరాణా దుకాణం. సొంతవాళ్లే అయినా వడ్డీ వడ్డీయే, కాబట్టి మాకున్న ఒకే ఒక్క ఎకరం, బోరు దగ్గర పసుపు వేసే చెలక, దాని పట్టా కాగితం వాళ్ల ఇనప్పెట్టెలోకి వెళ్లింది. దుబాయి నుంచి డ్రాఫ్టు కూడా అన్న పేరు మీదే వచ్చేది, ఎందుకంటే మా రెండిళ్లలో బ్యాంకు ఖాతా ఉన్నది అన్న ఒక్కడికే. డబ్బు అందగానే అప్పు కొంత తగ్గుతుంది, మిగిలింది మా ఇంటి ఖర్చుకు. అలా అనుకున్నాం. అనుకున్నాం అంటే, నేను అనుకున్నాను. నేను నిజామాబాద్‌లో బీకాం చదివాను. అకౌంట్స్‌లో మా క్లాసులో అందరికన్నా నాకే ఎక్కువ మార్కులు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది, తెలిశాక నవ్వుకోండి.

భయం వేస్తే కొందరు దేవుడికి దండం పెడతారు. నేను సరుకుల చీటీ రాసేదాన్ని. ఆయన ఉత్తరం ఆలస్యమైతే చీటీ, పిల్లకు జ్వరం వస్తే చీటీ, అప్పు గుర్తొస్తే మరీ పెద్ద చీటీ. కందిపప్పు, పెసరపప్పు, సేమియా, సగ్గుబియ్యం, పిల్లకు తెలివి పెరగాలని బాదం, ఒళ్లు చేయాలని కాజు. గోడకు మూడు వరసల అల్మారా, దాని నిండా డబ్బాలు. మూత తీసి నిండుగా ఉన్నది చూసుకుంటే గుండె కాస్త కుదుటపడేది. పిల్ల మాత్రం అవేవీ ముట్టేది కాదు. పచ్చిపులుసన్నం తప్ప మరొకటి దాని గొంతు దిగేది కాదు. బాదం గింజలు పురుగుపట్టి పారబోసిన రోజున మా అత్త, బీడీలు చుడుతూ చాట మీద నుంచి తల ఎత్తకుండానే అంది: "దుకాణం నా బిడ్డదా, నీదా తెలుస్తలేదు పిల్లా. గా బల్ల మీద ఓ తరాజు పెట్టు, ఇద్దరు బేరగాండ్లన్న వస్తరు."

ఆ బిడ్డే నాకు వదిన, మా ఆయనకు అక్క. దుకాణంలో సగం పూట గల్లా దగ్గర కూర్చునేది ఆమే. అంత ఆప్యాయంగా మాట్లాడే మనిషిని నేను నా పుట్టింట్లో కూడా చూడలేదు. నేను చీటీ ఇచ్చి, ఒక్కోసారి సిగ్గుపడి, "వదినా, కాజు అద్దకిలో తగ్గియ్యి, ఈ నెల మస్తయింది" అంటే, చీటీ నా చేతిలోంచి లాక్కునేది. "ఏందే, ఎవలి కోసం తగ్గిస్తవ్? నీ మొగడు దుబాయిల ఉన్నడు, పిల్ల చూస్తే పుల్ల లెక్కున్నది. తీస్కపో, ఖాతల రాస్త." "మరి అప్పు?" "అప్పుదేముంది, తెగుతున్నది తియ్. నువ్వేం ఫికర్ చెయ్యకు." పిల్ల చేతిలో బెల్లం ముక్క, నా భుజం మీద ఒక తట్టు. ఆ తట్టు కోసమే సగం సరుకు కొన్నానేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక క్యాసెట్ల సంగతి. మా వీధిలో దుబాయి, మస్కట్ వెళ్లినవాళ్లున్న ఏ ఇంట్లోనైనా ఉత్తరాల కన్నా క్యాసెట్లే ఎక్కువ నడిచేవి. మేం మాటలు నింపి పంపితే, ఆయన విని, అదే క్యాసెట్టు మీద తన మాటలు నింపి, సెలవు మీద వచ్చేవాళ్లతో పంపేవారు. మొదటి వైపు ఇంటిల్లిపాదికీ, రెండో వైపు నాకు. ఇది ఎవరూ రాయని చట్టం. మొదటి వైపు అందరం వదిన వాళ్లింట్లో కూర్చుని వినేవాళ్లం. రెండో వైపు వినడానికి పక్కింటావిడ టేపు రికార్డరు అడిగి తెచ్చుకునేదాన్ని. అది పాడేది కానీ రికార్డు చేసేది కాదు, అందుకని నా మాటలు నింపడానికి మళ్లీ వదిన ఇంటికే వెళ్లాలి. ఆమె గది తలుపు దగ్గరగా వేసి, "మాట్లాడు పోరీ, నేను వినను తియ్" అని నవ్వుతూ వెళ్లిపోయేది. నాకు పది నిమిషాలకే మాటలు అయిపోయేవి. మిగతా టేపు ఖాళీగా వదిలేసి క్యాసెట్టు ఆమె చేతికే ఇచ్చి వచ్చేదాన్ని. దుబాయి వెళ్లేవాళ్లకు అందించేది ఆమే.

ఆ మధ్యాహ్నం పిల్ల నిద్రపోతోంది. అత్త అరుగు మీద బీడీలు చుడుతోంది. నేను లోపల రెండో వైపు పెట్టుకున్నాను. ఆయన అక్కడి ఎండ గురించి, గదిలో వంట గురించి, పిల్ల నడక గురించి మాట్లాడి, "జర పైసలు చూసుకొని వాడు" అని, చివరికి జాగ్రత్త చెబుతూ "పైలం" అన్నారు. టక్కుమని శబ్దం. అయిపోయింది. నాకు ఒక పిచ్చి అలవాటు ఉండేది, టేపు చివరిదాకా తిరగనిచ్చేదాన్ని. ఆయన నొక్కడం మరిచిపోతే ఇంకో మాట దొరుకుతుందేమోనని. ఆ రోజు దొరికింది, కానీ అది ఆయనది కాదు. ఆయన మాటలు ఎక్కినంత మేర పాతవి చెరిగిపోయి, ఆ తర్వాత చెరగకుండా మిగిలిన టేపులోంచి, పోయినసారి నేను ఖాళీగా వదిలేసిన చోట, వదిన గొంతు, మాట మధ్యలోంచి మొదలైంది.

"...చదువుకున్నదని చేస్కుంటిమి గని తమ్మీ, చేతికి పట్టు లేదు. నేనైతే వద్దంటనే ఉన్న, వింటలేదు. కాజులు, బాదాములు. నువ్వు పంపిన పైసలు కిరాణకే సరిపోతున్నయిరా. అప్పుల ఒక్క పైస తెగలే, మీద వడ్డీ. ఈసారి పసుపు తీసేదాంక చూస్త. గట్ల గాకుంటే గా బోరు కాడి ఎకరం మీ బావ పేరు మీద రాసియ్యి. బయటోళ్లకు పొయ్యేకన్న అక్కకు పోవుడు నయం గదా. ఇగో, నేను చెప్పిన్నని దానికి చెప్పకు, మనసు కష్టపెట్టుకుంటది."

నేను విన్నది నిజమో కాదో తేల్చుకోవడానికి వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. రెండోసారి అయిపోయేసరికి గుమ్మంలో అత్త నిలబడి ఉంది. చేతిలో సగం చుట్టిన బీడీ. అది ఆమె కన్నకూతురి గొంతు. ఆమె నన్ను చూడలేదు, టేపు రికార్డరునే చూస్తూ, "బందు వెట్టు" అంది. అంతే. ఆ తర్వాతే నేను వెంట్రుకల పిన్నుతో క్యాసెట్టు చెవులు రెండూ విరిచాను. పొరపాటున కూడా ఎవరూ దాన్ని చెరపకూడదు అనిపించింది.

సాయంత్రం ఖాళీ సంచితో దుకాణానికి వెళ్లి, టేపు మాట ఎత్తకుండా, ఖాతా పుస్తకం చూపించమన్నాను. వదిన నవ్వింది. "ఏందే, నా మీద నమ్మకం లేదా?" అన్న పుస్తకం నా వైపు తిప్పాడు. వచ్చిన ప్రతి డ్రాఫ్టూ కిరాణా బాకీ కింద జమ. వడ్డీ లేని బాకీ తీరుతూ వచ్చింది, వడ్డీ ఉన్న అప్పు అలాగే కూర్చుని పెరిగింది. బీకాం మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా తెలిసే పొరపాటు. "వదినా, అప్పు తెగుతున్నదంటివి గదా?" అన్నాను. ఆమె తరాజు పళ్లెం మీద దుమ్ము తుడుస్తూ అంది: "నువ్వు పుస్తకం అడగలే, నేను చూపియ్యలే. తిన్నది నువ్వే గదా పిల్లా?" తిన్నది పురుగులు అని చెబుదామనుకున్నాను. ఖాళీ సంచి మడుచుకుని ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున అత్త నా ముందు ఇంకో చాట పెట్టింది. తునికాకు, తంబాకు, కత్తెర, దారం ఉండ. "కూసో, నేర్పుత" అంది. కూతురి గురించి ఆమె ఆ రోజూ మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు. నా మొదటి కట్టలు చూసి, బీడీలు తీసుకునే కార్ఖానా అతను, "గివి బీడీలా తల్లీ, శెనగల పొట్లాలా?" అని వెనక్కి తోశాడు. వీధంతా నవ్వింది, నేనూ నవ్వాను. నెల తిరిగేసరికి నా చేతిలో కొంచెం రొక్కం. ఇంటి సరుకు ఇక ఆ రొక్కంతోనే, వారం అంగడిలోనే అని పెట్టుకున్నాను. చీటీ మాత్రం మానలేకపోయాను. భయం వేసినప్పుడల్లా రాసి, ఖాళీ అయిన కాజు డబ్బాలో వేసి, మూడు రోజులు ముట్టుకోకుండా ఉండేదాన్ని. మూడో రోజు తీసి చూస్తే సగం పైన ఎందుకు రాశానో నాకే అర్థమయ్యేది కాదు, కొట్టేసేదాన్ని. కాళ్లు మాత్రం చాలా రోజులు ఆ దుకాణం వైపే తిరిగేవి. అందుకని వెనక గల్లీ నుంచి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని, బెల్లం ముక్క కోసం పిల్ల ఏడుస్తుంటే చంకనేసుకుని. ఒకసారి అంగడిలో పోచంపాడ్ డ్యామ్ చేపలు చూసి, మూడు రోజుల లెక్క మరిచిపోయి, వారం సొమ్మంతా పెట్టి కొనేశాను. ఇంటికొచ్చి తప్పు చేసినదానిలా నిలబడితే అత్త చేపను ఇటూ అటూ తిప్పి చూసి, "ఒక్కనాడు తింటె ఎకరం పోదు తియ్, చింతపండు నానవెయ్" అంది.

పోస్టాఫీసు పక్కనున్న బ్యాంకులో నా పేరు మీద ఖాతా తెరిచి, ఆయనకు ఈసారి ఉత్తరమే రాశాను. "డ్రాఫ్టు నా పేరు మీద పంపండి. కారణం తర్వాత చెబుతాను." పంపారు. డ్రాఫ్టు మార్చిన రోజే దుకాణానికి వెళ్లి డబ్బు కట్టి, అప్పు కింద అని రాయించుకుని, రసీదు తీసుకునేదాన్ని. ఆ యేడు పసుపు అమ్మిన డబ్బూ అక్కడికే చేర్చాక వాళ్లు ఎకరం మాట ఎత్తలేదు. అలా ఇంకో రెండు పంటలకు పట్టా కాగితం ఇంటికొచ్చింది. ఆ రోజు వదిన చక్కెర ఎక్కువేసి చాయ్ పెట్టింది. "ఇగ నా బరువు దిగింది పిల్లా" అని నా భుజం తట్టింది. టేపు సంగతి ఆమెకు నేను ఇప్పటికీ చెప్పలేదు.

ఎకరం నిలిచింది కానీ ఉత్తినే కాదు. ఆయన రావలసిన దానికన్నా రెండేళ్లు ఎక్కువ ఉండిపోయారు. పిల్ల పాలపళ్లు ఊడటం ఆయన చూడలేదు. ఆ రెండేళ్లూ నా అల్మారాలోని డబ్బాల్లోకే పోయాయి, అందుకు వదినను అనలేను. ఆయనను అనడానికి మాత్రం ఒకటుంది. ఆయన తిరిగొచ్చాక ఒకసారి అడిగాను: "అక్క చెప్పింది విన్నప్పుడు నన్నెందుకు అడగలేదు?" "అక్క అబద్ధం చెప్తదనుకోలే" అన్నారు. "మరి నేనో?" అంటే, బోరు మోటారు ఏదో చప్పుడు చేస్తోందని లేచి చెలకకు వెళ్లారు. ఆ మోటారు ఆ రోజు బాగానే నడుస్తోంది.

మా అమ్మాయి కాగితం ముక్కలు అతికించి, ముందు ఏముందో వింటానని, వాళ్ల నాన్న వస్తూ తెచ్చిన టేపు రికార్డరులో క్యాసెట్టు కాస్త వెనక్కి తిప్పి పెట్టేసింది. నేను ఆపేలోపే గొంతు మొదలైంది. కానీ ఏడేళ్లు అటక మీది వేడికి టేపు సాగిపోయి, మాటలు బరువుగా, నీళ్లలోంచి వస్తున్నట్టు ముద్దగా వినిపించాయి. "ఎవలమ్మా గీ ముసలాయన?" అని పకపకా నవ్వింది. వారానికోసారి తనకు జడ వేసే మేనత్త గొంతు అది. "ఎవరో తియ్" అని క్యాసెట్టు తీసుకున్నాను. ఏ వస్తువైనా మూడు రోజులు ఆగి కొనే నేను, అప్పటికప్పుడు డబ్బు తీసి, కొత్తది తెచ్చుకొమ్మని పంపాను. ఇంకో నాలుగేళ్లు పోతే ఆ టేపులో ఎవరు మాట్లాడారో ఎవరికీ తెలియదు. కాలం దాని పని అది చేస్తూనే ఉంది, నా చెవిలోని గొంతు దగ్గరకు మాత్రం ఇంకా రాలేదు.