ఎవరి చుట్ట నిప్పు

కార్తీకమాసం వెళ్ళాక వచ్చిన మొదటి మంగళవారం, పొద్దున్న తొమ్మిదింపావుకి, మా ఇంటాయన మొలతాడు కింద ఉన్న మచ్చని మొట్టమొదట పరాయి మనిషికి చూపించాడు. అంతకుముందు దాని గురించి మేమిద్దరం ఇంట్లో చాలినంత దెబ్బలాడుకున్నాం.

అప్పటికి జ్వరం వచ్చి వారం దాటింది. మాది వంశధార పక్క ఊరు. మా ఊళ్ళో జ్వరాలన్నిటికీ ఒకటే పేరు, టైఫాయిడ్. వానాకాలంలో మాత్రం మర్యాదకి మలేరియా అంటాం. ఊరి డాక్టరు, అంటే టౌన్లో ఒక డాక్టరు దగ్గర కొన్నాళ్ళు మందులందించి వచ్చి మాకు డాక్టరైపోయినవాడు, రక్తం తీసి టైఫాయిడన్నాడు. ఆ పరీక్ష చేయించుకుని లేదనిపించుకున్న మనిషి మా వీధిలో ఇంకా పుట్టలేదు. సూదులు పొడిచాడు, సెలైను ఎక్కించాడు. జ్వరం దాని దారిన అది ఉంది.

ఒళ్ళు తుడుస్తుంటే నడుం మీద, మొలతాడు కింద, నల్లటి పెచ్చు కనిపించింది. చుట్ట ఆనించినట్టు గుండ్రంగా ఉంది, చుట్టూ ఎరుపు. అంత జ్వరంలోనూ ఆయన మెడ వంచి చూసుకుని, "ఒసే, ఇది నీ సుట్ట నిప్పే" అన్నాడు.

మా వైపు ఆడవాళ్ళం అడ్డపొగ కాలుస్తాం, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. "నిప్పు నా నోట్లో ఉంటాది కద మావా, నీ నడుం మీదకి ఎలాగొచ్చింది? బయట నిప్పెట్టుకు తిరిగేది నువ్వు" అన్నాను. ఎవరి నిప్పు అన్నదే తగువు. అసలు నిప్పేనా అని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

సోమవారానికి మాట తడబడింది. నన్ను పట్టుకుని అమ్మా అన్నాడు. ఈ మనిషి నాకు దక్కడని ఆ పిలుపుతో అర్థమైంది. ఊరి డాక్టరు ఇంకో సెలైను పెడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. మర్నాడు తెల్లారగానే మరిది ఆటో తెచ్చాడు. ఆయన అక్క, మా వదిన, పిలవకుండానే ఎక్కి కూచుంది. పెద్దాసుపత్రికి పోయాం.

అక్షరాలు నేను యాభై దాటాక నేర్చుకున్నాను, కూడబలుక్కుంటే గానీ రావు. జ్వరం వస్తే ఆలస్యం చేయవద్దని గోడమీద రాసినది పూర్తిగా చదివేసరికి మమ్మల్ని పిలిచారు.

డాక్టరమ్మ మా మనవరాలి ఈడుది. జ్వరం ఎప్పట్నించి, దగ్గుందా, ఆయాసముందా అని అడిగింది, పొట్ట నొక్కి చూసింది. పొద్దున్నకి కాస్త తెలివొచ్చి ఆయనే జవాబులు చెప్తున్నాడు. ఒంటిమీద పుళ్ళూ పెచ్చులూ ఉన్నాయా అంటే లేవన్నాడు. అబద్ధం కాదు. ఆయన లెక్కలో అది పుండు కాదు, నా నేరం.

నాకు మండింది. చదువుకున్న మనిషి ఎదురుగా ఉంది, ఇంతకన్నా మంచి సాక్షి దొరకదు.

"పుండు నేదమ్మా, నడుం దగ్గిర కాలింది. నా సుట్టే కాల్సిందంటన్నాడు. మీరే సూసి సెప్పండి, ఎవరి సుట్టదో."

చూపించమంది. ఆయన పంచెని రెండు చేతులా పట్టుకున్నాడు. ప్రాణం పోతే పోనీ, పంచె పోకూడదు. అప్పుడు వదిన ముందుకొచ్చింది.

"ఒరే, నీకు నూని రాసి నీల్లోసినదాన్ని నాను. దాసడానికి నీ దగ్గిర ఏటుందిరా? ఇప్పు."

ఇప్పాడు.

డాక్టరమ్మ వంగి, పెచ్చు చుట్టూ నొక్కి, నొప్పి ఉందా అంది. లేదన్నాడు. గజ్జల్లో తడిమి చూస్తే బిళ్ళ కట్టి ఉంది.

"కాలితే నొప్పి పెట్టకుండా ఉంటుందా తాతా? ఇది ఎవరి చుట్టా కాదు. పురుగు కుట్టింది."

తుప్పల్లో ఉంటుందట, కంటికి ఆనదట, అది కుట్టినచోట ఇలా నల్లగా పెచ్చు కడుతుందట. స్క్రబ్ టైఫస్ అని జ్వరం పేరు చెప్పింది. తుప్పల్లో కూచున్నావా అని ఆయన్ని అడిగింది. జీడితోటలో తుప్పలు కొట్టే మనిషి సోఫాలో కూచుంటాడా! నర్సమ్మ చేత రక్తం తీయించి పరీక్షకి పంపింది గానీ, ఆ కాయితం వచ్చేదాకా ఆగకుండా మంచం ఇప్పించి మందు మొదలెట్టింది. ఇంకా ఆలస్యమైతే ఊపిరితిత్తులకి ఎక్కేదని నాతో మెల్లగా చెప్పింది. సెలైను పెట్టరా అని వదిన అడిగింది. మాత్రలకి లొంగే జ్వరం మీద ఆవిడకి గౌరవం లేదు.

గురువారం పొద్దున్న చెమట పట్టి జ్వరం దిగింది. గంజి తాగించబోతే మొహం తిప్పి చేపల పులుసు అడిగాడు. అప్పుడు బయటికి పోయి ఏడ్చుకున్నాను.

ఇంటికొచ్చాక ఊరి డాక్టరు చూడ్డానికొచ్చి, తనకి ముందే అనుమానం ఉందన్నాడు. ఇప్పుడు మా ఊళ్ళో ఏ జ్వరమొచ్చినా పురుగు జ్వరమే. మొలతాడు కింద చూడందే ఆ డాక్టరు సెలైను పెట్టడు. చూశాక పెడతాడు.

మా ఆయన్ని బతికించింది డాక్టరమ్మే. ఆ మచ్చని ఆవిడ దాకా తీసుకెళ్ళింది మాత్రం మా తగువు. మేము అన్యోన్యంగా కాపురం చేసుకునేవాళ్ళమైతే ఆయన ఈపాటికి పోయేవాడు.

సాక్షులు కావాలంటే, ఆ మంగళవారం ఆ గదిలో ఉన్నది డాక్టరమ్మ, రక్తం తీసిన నర్సమ్మ, మా వదిన, గోడకేసి తిరిగి నిలబడ్డ మరిది, పంచె విప్పిన మా ఇంటాయన, నేను.