పెద్దమ్మ పళ్లెంలో ఆవనూనె

మా సున్నపు బట్టీలో వంట చేసే పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చేటప్పటికి నేను రాయి ఎత్తే లోడరు బండి మీద ఉన్నాను. గురజాల దగ్గరి వాళ్ల ఊరి నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పొద్దున లెగవలా తమ్ముడూ" అంది. ముందు బకెట్ నిండా రాయి, పక్కన లారీ, వెనక ఇంకో లారీ హారన్. ఆ రాయి లారీలో పోసి, ఇంజన్ ఆపి దిగాను.

పిడుగురాళ్లలో బట్టీల యజమానులు పోతే రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు కడతారు. ఆ బట్టీల్లో రాయి మోసేవాళ్లకు ఏళ్ల తరబడి అన్నం పెట్టిన మనిషి గురించి నాలుగు వాక్యాలు ఎవరూ రాయరు. ఆ కోపంతోనే రాస్తున్నాను. ఆమె నాకు చుట్టం కాదు. అందరూ పెద్దమ్మ అన్నారు, నేనూ అన్నాను.

రేకుల షెడ్డు, రెండు పొయ్యిలు, దుమ్ము పడకుండా ప్రతి గిన్నె మీదా తడిగుడ్డ. వడ్డించడం అయ్యాక గరిటెతో గిన్నె అంచు మీద రెండు దెబ్బలు కొట్టేది. కబుర్లు చాలు, ఇక తినండి అని. పప్పు, గోంగూర, పండుమిరపకాయల పచ్చడి ఉంటే నాకు వేరే తిండి అక్కర్లేదు.

ఆ రోజుల్లోనే బీహార్ వాళ్లు పనికి వచ్చారు. మా పని తన్నుకుపోవడానికే వచ్చారని నాకు మంట. వాళ్లు ఉడికించిన బంగాళదుంపలు మెదిపి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి, పైన పచ్చి ఆవనూనె పోసుకుని తినేవాళ్లు. చోఖా అంటారు. ముక్కు పగిలే వాసన. ఒకరోజు పెద్దమ్మ అది వాళ్ల చేత చేయించి, నా పళ్లెంలో ఒక ముద్ద పెట్టింది. పళ్లెం నెట్టేశాను.

"ఏందిరా, వాసనా?"

"కాపోతే ఏంది! బండికి పోసే ఆయిల్ లాగుంది."

"దుంప మన దుంపే, మిరగాయ మన మిరగాయే. నీకు కూర మీద కాదురా కోపం" అని, ఆ ముద్ద తీసి తనే తినేసింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. "అబ్బో, చానా ఘాటు! బాగుందిలే."

మర్నాటి నుంచి లిట్టీ చేయడం నేర్చుకోవడం మొదలుపెట్టింది. గోధుమపిండి ఉండలో శనగల పొడి కూరి నిప్పుల మీద కాలుస్తారు. పెద్దమ్మవి పైన మాడేవి, లోపల పచ్చిగా ఉండేవి. బీహార్ వాళ్లలో ఒకతను ఒక ఉండ రాయికేసి కొట్టి చూసి, "పెద్దమ్మా, ఇది లిట్టీ కాదు. బట్టీలో రాయి!" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఆమె వాళ్లకంటే ఎక్కువ నవ్వింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ వయసులో వాళ్ల చేత నవ్వించుకోటం ఏంది పెద్దమ్మా?"

"నవ్వనీరా. నవ్వినోడే గదా మళ్లీ చూపించేది. చూడకుండా పోయినోడు నాకేం నేర్పుతాడు?"

ఆ తర్వాత బట్టీకి లోడరు వచ్చింది. గంపలతో రాయి ఎత్తే పని ఇక ఉండదు, లోడరు నేర్చుకున్నవాడికే ఇక్కడ పని అని యజమాని చెప్పేశాడు. దాని ఆపరేటరు ఎవరో కాదు, లిట్టీని రాయి అన్న ఆ బీహార్ అతనే. అడిగినవాడికల్లా నేర్పేవాడు. నేను అడగలేదు.

నేను పదో తరగతి దాటలేదు. మోటారు విప్పడం, వెల్డింగు, చివరికి ఇలా రాయడం కూడా నాకు నేనే నేర్చుకున్నాను. ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటాను. అసలు సంగతి ఏమిటంటే, నాకు రాదని ఇంకొకడి ముందు ఒప్పుకోవడం నాకు చావుతో సమానం. అందుకే ఫోన్‌లో లోడరు వీడియోలు చూస్తూ కూర్చున్నాను. చూసి చూసి పెద్దమ్మ ఒక మాట అంది.

"ఫోను నవ్వదు. అందుకని దాని కాడ కూర్చున్నావు."

నా చెయ్యి పట్టుకుని లోడరు దగ్గరికి లాక్కెళ్లింది. "వీడికి నేర్పు నాయనా. నా లిట్టీల కంటే గట్టోడు" అంది.

మొదటిసారి బకెట్ ఎత్తి, రాయి లారీలో కాకుండా లారీ పక్కన పోశాను. డ్రైవరు తిట్టాడు. ఆపరేటరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు అనుకుని దిగిపోయాను. షెడ్డు గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. గరిటెతో గిన్నె మీద రెండు దెబ్బలు కొట్టింది.

మళ్లీ ఎక్కాను. అందుకే ఇవాళ నాకు పని ఉంది.

ఆమె పెద్దకర్మకు చోఖా నేనే చేశాను. ఎలా చేయాలో ఆపరేటరును అడిగాను. నేను దుంపలు మెదిపే తీరు చూసి అతను నవ్వాడు. నవ్వనిచ్చాను. ఫొటో ముందు విస్తరిలో పెడుతుంటే వాళ్ల చుట్టాల్లో పెద్దాయన ఒకాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "కర్మ కాడ ఇదేం కంపురా?" అన్నాడు. కూతురు మాత్రం గిన్నెలోంచి కాస్త తీసి నోట్లో వేసుకుంది. కళ్లు తుడుచుకుంటూ, "అమ్మ ఇదా తింటా ఉండేది అక్కడ?" అని, ఇంకాస్త తీసుకుంది. ఆ నీళ్లు ఘాటుకో, దేనికో నేను అడగలేదు.

మర్నాడు లోడరు ఎక్కితే స్టీరింగు నిండా ఆవనూనె వాసన. నా చేతులదే. ఆ వాసన నాకు ఇప్పటికీ పడదు. గుడ్డ తీశాను గానీ, తుడవలేదు.