కుడి నుండి నడిచిన పేరు

నిజాము ఏలుబడి అస్తమించి, కచేరీ గోడల మీది ఫర్మానాలు వెలిసిపోయి, బడులలో ఉర్దూ కూర్చున్న పీట మీదికి తెలుగు వచ్చి కూర్చున్న కాలంలో, నిన్నటి దాకా పదిమందికి చదువు చెప్పినవారే నేడు ఓనమాలు దిద్దుకోవలసి వచ్చిన ఆ సంధికాలంలో, నార్కట్‌పల్లికి రెండు క్రోసుల దూరాన సాలెవారు అధికంగా నివసించే ఒక ఊరి బడిలో, నలభై యేండ్ల వయసున ఒకటవ తరగతి పిల్లల ప్రక్కన చాప మీద కూర్చుండి పలక పట్టిన ఉపాధ్యాయుడు అహ్మద్ అలీ గారు.

రెండేండ్లలో తెలుగు పరీక్ష గట్టెక్కకపోతే కొలువు దక్కదని ఆయనకు పైనుండి తాఖీదు వచ్చింది. బుద్ధి నేర్చినంత త్వరగా చేయి నేర్చుకోలేదు. జన్మమంతా కుడి నుండి ఎడమకు వ్రాసిన వ్రేళ్ళు పలక కుడి అంచు దగ్గరనే మొదలుపెట్టేవి.

"పంతులు సాబ్, మీ అక్షరం ఎనుకకు నడుస్తాంది!" అని పిల్లలు గొల్లున నవ్వేవారు.

"తొవ్వ మర్సింది బిడ్డా. జర మీరే చెయ్యి పట్టి తోల్కరాండ్రి," అని ఆయన వారికంటె ఎక్కువగా నవ్వేవాడు.

ఆయన పరీక్షలో నెగ్గిన యేడు, అనగా పందొమ్మిదివందల యాభై మూడులో, బడి తెరచిన నాడే లక్ష్మీనర్సమ్మ అనే నేతగత్తె తన కూతురి చేయి పట్టుకొని గుమ్మంలో నిలిచింది. ఆ పిల్ల పేరు ఆండాళు. ఏడేండ్లది. రెండవ యేట అమ్మవారు పోసి, ప్రాణం విడిచిపెట్టి చూపు మాత్రం తీసుకొనిపోయింది.

"దీన్ని జర అరుగు మీద కూసోనియ్యి పంతులు సాబ్. మగ్గం కాడుంటే నూలంత చిక్కు జేస్తాంది."

"అరుగు మీదెందుకు చెల్లె? లోపట జాగ లేదా?"

"కండ్లు లేని పిల్లకు సదువేంది సారూ, నవ్విపోతరు!"

"మీ అయ్యగార్లు వేదం చెవుల తోటే నేర్చిన్రంట గద. బిడ్డకు చెవులున్నయా లేవా?"

తాటాకుకు పూర్వమే, గంటానికి పూర్వమే విద్య చెవి ద్వారమున ప్రవేశించింది. అందుకే దానికి శ్రుతి అని పేరు. శాస్త్రం చదివినవారు మరచిన ఆ మాట, శాస్త్రమెరుగని ఆ ముసల్మాను నోట అంత తేలికగా వెలువడింది. ఆండాళు లోపలికి వచ్చి మొదటి వరుసలో కూర్చుంది.

కూర్చోవడం వేరు, హాజరు పట్టీలో పేరుండడం వేరు. పట్టీలో పేరు లేనివారికి పరీక్ష లేదు. పరీక్ష లేనివారికి పై తరగతి లేదు. చూపులేని పిల్లను చేర్చుకొనే అధికారం తనకున్నదో లేదో అహ్మద్ అలీ గారికి తెలియదు. అందువలన అందరి పేర్లు సిరాతో వ్రాసి, ఆండాళు పేరు మాత్రం చిట్టచివర పెన్సిలుతో వ్రాసి ఉంచాడు. తనిఖీకి వచ్చే ఇన్స్పెక్టరు దానిని చెరుపవచ్చు, సిరా చేయవచ్చు.

ఎక్కాలు, పద్యాలు ఆండాళుకు విన్నవి విన్నట్లే వచ్చాయి. మరి వ్రాత? పంతులు అక్షరమాలను, చివర ఆమె పేరును పెద్ద కాగితం మీద వ్రాసి ఆమె తండ్రి రామచంద్రయ్యకు ఇచ్చాడు. చీర అంచున పువ్వులెత్తే ఆ నేతగాడు కాగితం చూస్తూ అక్షరాలన్నిటినీ ముతక దారంతో గుడ్డలోకి ఎత్తాడు. ఆండాళు ఇంటి దగ్గర ఆ గుడ్డను తడిమి, ఇసుకలో దిద్దుకొనేది. బడిలో మాత్రం అన్నీ నోటితోనే అప్పగించేది.

మాఘమాసంలో ఇన్స్పెక్టరు వచ్చాడు. పట్టీ తిరగేస్తూ చివరి వరుస దగ్గర ఆగాడు.

"ఇటువంటి పిల్లలకు పట్నంలో వేరే బడి ఉన్నది కదా మాస్టారూ?"

"ఉన్నది సాబ్. కని ఈ పిల్ల అమ్మ పట్నంల లేదు."

ఇన్స్పెక్టరుకు నవ్వు వచ్చింది గాని ఆపుకొన్నాడు. "సరే, తన పేరు వ్రాయమనండి. వ్రాస్తే ఉంచుదాం."

ఆండాళు కాగితం తడుముకొని, పెన్సిలు నొక్కిపట్టి వ్రాసింది. ఇన్స్పెక్టరు చూచి పెదవి విరిచాడు. "ఇవి ఏ భాష అక్షరాలు? పాపం, వట్టి గీతలు." ఆయన చేయి రబ్బరు మీదికి పోయింది. తనిఖీ సంగతి విని వచ్చి గుమ్మం దగ్గర నిలిచిన లక్ష్మీనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది.

అహ్మద్ అలీ గారు అక్షరాలను చూడలేదు. పిల్ల చేతి నడకను చూశాడు. అది కుడి అంచున బయలుదేరి ఎడమకు పోయింది. ఆ నడక ఆయనకు తెలియనిదా? కాగితం అందుకొని, వెనుకకు త్రిప్పి, గుమ్మంలోని ఎండకు అడ్డంగా పట్టుకొన్నాడు.

"ఇప్పుడు సదువుండ్రి సాబ్."

ఎండలో పెన్సిలు చారలు కాగితం ఇవతలికి నల్లగా తేలాయి. "ఆం... డా... ళు," అని ఇన్స్పెక్టరు పైకే చదివాడు.

లక్ష్మీనర్సమ్మ నెత్తి కొట్టుకొన్నది. "అయ్యో, మా ఆయన జేసిన పనే అయ్యా! మగ్గం మీద బట్ట ముఖం కిందికుంటది. కోసినంక తిప్పుతం. గీ అచ్చరాలను గూడ గట్లనే తిప్పి ఇచ్చిండు!"

పువ్వుకు కుడియెడమలు లేవు. అక్షరానికి ఉన్నాయన్న సంగతి, చదువురాని ఆ నేర్పరి చేతికి ఎట్లా తెలుస్తుంది?

"తప్పు మాన్పించగలరా?" అని ఇన్స్పెక్టరు అడిగాడు.

"నలబై ఏండ్లొచ్చేదాంక కుడికెల్లి రాసిన చెయ్యి సాబ్ ఇది. తిప్పుకోను రెండేండ్లు వట్టింది. అప్పటిదాంక సర్కారు నన్ను తీసెయ్యలే. గీ పోరికి రెండు నెలలియ్యరా?"

ఇన్స్పెక్టరు రబ్బరు ప్రక్కన పెట్టాడు. జేబులోని కలము తీసి, పెన్సిలు గీతల మీద తానే సిరా దిద్దాడు.

"అయిపాయెనా? ముట్టి సూడొచ్చా?" అన్నది ఆండాళు.

"ఆగు బిడ్డా, ఎండనియ్యి!"

రెండు నెలలు అక్కరలేకపోయింది. నలభై రోజులలో చేయి తిరిగింది. ఆ పెన్సిలు మాత్రం ఊరకుండలేదు. ఊరి చివరి వాడల నుండి, రాళ్ళు కొట్టేవారి గుడిసెల నుండి ఏటేటా కొత్త పేర్లు పట్టీ చివర చేరి సిరా అయ్యాయి. తమ్ముని చంకన వేసుకొని గాని రాలేని మైసమ్మ వంటి పిల్లల కొరకు హుస్సేన్ బీ, అనగా పంతులు గారి ఇల్లాలు, తన పాత చీరతో బడి దూలానికి ఉయ్యాల కట్టింది.

నల్లగొండ ఉన్నత పాఠశాలలోను, పట్నపు కళాశాలలోను ఆండాళుకు గుమ్మం గుమ్మంలో, చూపులేని పిల్లకు చదువేమిటన్న అదే ప్రశ్న ఎదురైంది. ప్రతి గుమ్మానికి అహ్మద్ అలీ గారు ఎర్రబస్సెక్కి వెళ్ళి, ఆమె నాడు పేరు వ్రాసిన, మడతలు చిరిగిన ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూపాడు. చదివి వినిపించే తోటి విద్యార్థినులను కుదిర్చాడు. ఆమె చెప్పగా పరీక్ష వ్రాసిపెట్టేవారికి అనుమతి తెచ్చాడు.

పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఆండాళు విశ్వవిద్యాలయపు పట్టా చేత పట్టుకొని, తల్లి వెంట ఆయన ఇంటికి వచ్చింది.

"పేరు ఎటుదిక్కుకెల్లి ఉన్నది పంతులు సాబ్?"

ఆయన కండ్లద్దాలు తుడుచుకొన్నాడు. రెండుసార్లు తుడిచినా మసక పోలేదు. "ఎడమకెల్లే బిడ్డా. నాకైతే ఎటుకెల్లి సదివినా ముద్దుగనే ఉన్నది."

ఆయన కొలిచే అల్లా పేరిట, మేము కొలిచే యాదగిరి నారసింహుని పేరిట, ఈ కథ చెప్పిన నేను వేడుకొంటున్నాను: అహ్మద్ అలీ గారికి నిండు నూరేండ్ల ఆయువు, హుస్సేన్ బీ గారికి చల్లని కడుపు, ఆ యింటి పొయ్యికి ఆరని నిప్పు కలుగుగాక. ఒకరి పేరు చెరిగిపోకుండా కాపాడిన ఆ చేతి పేరు, తరతరాల పిల్లల నోళ్ళలో సిరా వలె నిలుచుగాక!